బొట్టు మీది, పిలుపు ఆయనది

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. పోయిన నెల కొత్త ఫ్లాట్‌లో గృహప్రవేశం చేసుకున్నాం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా వారి అక్కకు వాట్సాప్‌లో కార్డు పంపి, ఫోన్ కూడా చేశాను. బొట్టు పెట్టి పిలవలేదని ముందురోజు సాయంత్రం రానని చెప్పేసింది. పాలు మా చెల్లెలు పొంగించింది. ఇప్పుడు వదిన చుట్టాలందరి దగ్గరా నన్నే అంటోంది. మా వారేమో ‘అవి మీ ఆడవాళ్ళ సంగతులు, నన్ను లాగొద్దు’ అంటారు. ఆయన మేనేజర్ ఇంటికి మాత్రం ఇద్దరం వెళ్ళి కార్డు ఇచ్చొచ్చాం. అత్తయ్య పోయి రెండేళ్ళు. ఈ రోజుల్లో కూడా బొట్టు పెట్టే పిలవాలా? ఒక చీర కొరియర్ చేస్తే సరిపోతుందా?

జవాబు: ఆడబిడ్డను బొట్టు పెట్టే పిలవాలమ్మా. కొరియర్ మాట ఇంకెవరి దగ్గరా అనకండి. మీరడిగినవి అయిపోయాయి.

అడగనిది చెబుతాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ మీ వదినకు పుట్టిల్లంటే అమ్మ. ఈ రెండేళ్ళుగా తమ్ముడొక్కడే. ఆ తమ్ముడు ఇల్లు కొనుక్కుని, పాలు పొంగించాల్సిన అక్కకు ఫోన్‌లో ఒక ఫోటో పంపాడు. అదీ పెళ్ళాం ఫోన్ నుంచి. రానన్నాక కూడా ఒక రాత్రంతా టైం ఉంది. మెట్రోలో రైలు మారే పని కూడా లేదు, ముప్పావు గంట దారి. ఆయన కదల్లేదు.

మేనేజర్ గుమ్మం ఎక్కడానికి తీరికైంది, అక్క గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్ళ పనైపోయింది! బొట్టు పెట్టేది ఆడవాళ్ళే, కాదనను. పిలిచేది తోడబుట్టినవాడు. ఇది తెలియని మగవాళ్ళు లేరు, తెలియనట్టు ఉంటే సుఖమని అలా ఉంటారు. మా తమ్ముడూ ఇంతే, ఇది చదువుతాడని తెలిసే రాస్తున్నాను.

ఆయన చేయాల్సిన చుట్టరికమంతా మీ నెత్తిన వేసుకుని మాటలు పడటం మంచితనం అనుకోకండి. మీ తప్పూ ఒకటుంది. పాలు మీ చెల్లెలు పొంగించిన సంగతి ఒక్క ముక్కలో దాటేశారు. వదిన మనసులో గుచ్చుకున్నది ముందు అదే అయివుంటుంది. అది మాత్రం మీరే ఒప్పుకోవాలి.

ముందు ఆయన్ను ఒంటరిగా పంపండి. మీరు వెంట వెళ్తే మళ్ళీ మిమ్మల్నే ముందుకు తోస్తారు. అక్క నాలుగు తిడితే పడతారు, అమ్మ గుర్తొచ్చి ఇద్దరూ ఏడిస్తే ఏడుస్తారు. ఆ తర్వాతి వారం మీరిద్దరూ వెళ్ళి, మీరు బొట్టు పెట్టి, కొత్త ఇంట్లో ఒడిబియ్యం పోస్తాం రమ్మని పిలవండి. చీర అప్పుడు పెట్టండి. కుడకలు, ఖర్జూరాలు, పోకలు ఆయన్నే వెళ్ళి తెమ్మనండి. రోజు మాత్రం వదిననే చెప్పనివ్వండి. మంగళవారం వద్దంటుంది, మూఢం అంటుంది, రెండుసార్లు మారుస్తుంది. మార్చనివ్వండి.