క్యాలిక్యులేటర్ తో లైట్ వెలిగించిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. టీఐ-84 ప్లస్ క్యాలిక్యులేటర్ యూఎస్‌బీ పోర్ట్ నుంచి ఎల్ఈడీ వెలిగించిన సంగతి తెలుగులో రాసినోళ్ళు నాకైతే ఇంతవరకు తగల్లేదు, విజయనగరంలో కూర్చుని నువ్వు చేశావంటే ముచ్చటేసింది, అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను, ఏమనుకోకు.

మొదటి పేజీ తీసెయ్. అమెరికా నుంచి మీ సొంత అన్నయ్య తెచ్చాడు, డబ్బా విప్పావు, ఇవన్నీ ఒక్క లైన్లో అయిపోతాయి. కాకపోతే మనవాళ్ళలో చాలామంది ఆ వస్తువు చూసుండరు, ఇంజినీరింగ్ మొత్తం కాసియో సైంటిఫిక్ తోనే గడిచిపోద్ది కదా, అందుకని అదేటో చెప్పు: గ్రాఫులు గీసే క్యాలిక్యులేటర్, 2004లో వచ్చింది, లోపల టీవీ రిమోట్ లో వేసే సన్న సెల్లులు నాలుగు, ఒక మినీ యూఎస్‌బీ పోర్ట్. చాలు.

అసలు గొడవ మూడో పేజీలో. "అడాప్టర్ పెట్టాను, లైట్ వెలిగింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావేటి? చదివేవాడికి కావల్సింది అక్కడే ఉంది బాబూ! కంప్యూటర్ కి తగిలిస్తే చెప్పినట్టు వినే పరికరం, ఎదుటోడికి కరెంట్ ఇవ్వడానికి ఎలా ఒప్పుకుంది? మినీ ప్లగ్ లో ఐదు పిన్నులు, నాలుగోది ఐడీ పిన్ను, మినీ-ఏ రకం ప్లగ్ అయితే ఆ పిన్ను లోపలే గ్రౌండ్ కి (నెగిటివ్ వైరుకి) కలిపేసి ఉంటుంది, దాన్నిబట్టే ఈసారి హోస్ట్ (అంటే కరెంట్ ఇచ్చేది) తనే అని క్యాలిక్యులేటర్ కి తెలుస్తుంది. ఫోన్ కి పెన్ డ్రైవ్ పెట్టడానికి ఓటీజీ కేబుల్ అంటాం చూడు, అదే పద్ధతి. మరి నీకు కేబుల్ పెట్టగానే 5 వోల్టులు వచ్చాయా, ప్రోగ్రామ్ ఏదైనా రన్ చేశాకా? అది రాయకపోతే నీలా చేద్దామనుకున్నోడు పొద్దంతా కూర్చుని నిన్నే తిట్టుకుంటాడు.

వోల్టులు రాశావు, మిల్లీఆంప్స్ (కరెంట్ ఎంత పారిందో) రాయలేదు. ఎర్ర ఎల్ఈడీకి 330 ఓమ్స్ రెసిస్టర్ పెట్టానన్నావు, 5లో దాదాపు 2 వోల్టులు ఎల్ఈడీ దగ్గరే పోతాయి, మిగిలిన 3ని 330తో భాగిస్తే 9 మిల్లీఆంప్స్. ఇప్పుడు చూడు తమాషా, మామూలు యూఎస్‌బీ 2.0 పోర్ట్ అయితే అడక్కముందే 100, అడిగితే 500 మిల్లీఆంప్స్ దాకా ఇస్తుంది గానీ ఓటీజీ రూల్ లో హోస్ట్ కనీసం 8 ఇస్తే చాలంటారు. అంటే నీ బుల్లి లైటే ఆ కనీసం లెక్క దాటేసింది! నిజానికి ఎంతవరకు ఇస్తుందో నువ్వే కొలవాలి. మల్టీమీటర్ ఎర్ర వైరు ఎంఏ (మిల్లీఆంప్స్) కన్నంలోకి మార్చి లైనుకి మధ్యలో పెట్టు (వోల్టులు చూసినట్టు రెండు కొసలకీ ఆనించావంటే మీటర్ ఫ్యూజ్ పోవచ్చు), లైట్ వెలుగుతున్నప్పుడు వోల్టేజ్ ఎంతకి దిగిందో కూడా పక్కనే రాసుకో. "ఫ్యాన్ కూడా తిప్పొచ్చు" అన్న వాక్యం కొట్టేయ్, నువ్వు తిప్పలేదు, అలాంటి ఫ్యాన్లు వందల మిల్లీఆంప్స్ లాగుతాయి.

ఇంకోటి, ఎవరు చదువుతారో కాస్త ఆలోచించు. 2018 అక్టోబర్ లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి చెట్లతో పాటు కరెంట్ స్తంభాలూ పడిపోయి రోజుల తరబడి చీకట్లో ఉన్నోళ్ళు ఈ హెడ్డింగ్ చూస్తే ముందు అడిగేది ఫోన్ ఛార్జ్ అవుద్దా అనే. అవదని మొదట్లోనే చెప్పు, లెక్క చూపించి మరీ చెప్పు. నాలుగు సెల్లులూ కలిపితే సుమారు 5 వాట్ అవర్స్, 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ 19 దాకా, మధ్యలో పోయేది తీసేస్తే పావు వంతు కూడా ఎక్కదు. ఇలా రాస్తే వ్యాసం చప్పగా అయిపోద్దని నీ భయం, నాకు తెలుసు, కానీ చేతకాని పని చేతకాదని చెప్పినోడి మాటే మిగతాచోట నమ్ముతారు.

ఆ క్యాలిక్యులేటర్ ఐదు నిమిషాలు ఏ బటనూ నొక్కకపోతే దానంతటదే ఆఫ్ అయిపోద్ది కదా, అప్పుడు నీ లైట్ ఏమైంది? ఆరిపోయిందా, వెలుగుతూనే ఉందా? అది చూసి రాయి. రీడింగులు రాసుకున్న కాగితం ఉంటే ఫొటో తీసి డ్రాఫ్ట్ తో పాటు పంపు, నీట్ గా లేకపోయినా పర్లేదు. మీటర్ లేదంటే మీ కాలేజీ ల్యాబ్ లో అడుగు, వాళ్ళివ్వకపోతే నాది వచ్చి పట్టుకెళ్ళు.

మీ అన్నయ్య