తెలిసిన కథే అనిపిస్తుంటే శ్రమల కాలపు ధ్యానం రోజూ ఎలా సాగుతుంది?

మీరు అడిగింది ఇది: శ్రమల కాలం (ఈస్టరుకు ముందు నలభై రోజులు) రాగానే రోజూ యేసు చివరి రోజుల మీద ధ్యానం చేద్దామని కూర్చుంటారు, వారం తిరిగేసరికి ఆగిపోతుంది. సండే స్కూలు నుంచి విన్న కథే కాబట్టి కొత్తగా ఏమీ తట్టడం లేదు. ఆ రెండోది తీరితే మొదటిది దానంతటదే సర్దుకుంటుందని నా అనుభవం. నేను పాస్టర్ని కాను, వేదాంత కళాశాల గడప తొక్కినవాణ్ణీ కాను. గుంటూరు వైపు లూథరన్ సంఘంలో పెరిగాను, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. చాలా ఏళ్లుగా చేస్తున్నది చెబుతాను, మీకు పనికొచ్చినంత తీసుకోండి.

అసలు మాట ముందే చెప్పేస్తాను. యేసు కథ రాసిన నలుగురు సువార్తికుల్నీ, మత్తయి, మార్కు, లూకా, యోహానుల్ని, కలిపి చదవకండి. ఈ ఏడాదికి ఒక్కరి దగ్గరే ఉండండి.

ఈ కథ మనకు తెలుసనిపించడానికి కారణం, దాన్ని ఎప్పుడూ కలగలిపి వినడమే. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు ధ్యానిస్తాం కదా, ఆ ఏడూ కలిసి ఏ ఒక్క సువార్తలోనూ లేవు. "వీరిని క్షమించుము", పరదైసు వాగ్దానం, ఆత్మను తండ్రికి అప్పగించడం లూకా రాసినవి. తల్లిని శిష్యుడికి అప్పజెప్పడం, దప్పిక, "సమాప్తమైనది" యోహాను రాసినవి. నాలుగో మాట, "నా దేవా, నా దేవా", మత్తయిలోనూ మార్కులోనూ ఉంది. అంటే మార్కులో యేసు సిలువ మీద మాట్లాడింది ఆ ఒక్క మాటే. తర్వాత గొప్ప కేక వేసి ప్రాణం విడుస్తాడు, అంతే. మార్కు ఒక్కటే చేతిలో ఉన్నవాడికి ఆ మధ్యాహ్నం ఎంత ఒంటరిగా ఉంటుందో చూడండి. మన గుళ్లో నాలుగో మాట ముగియగానే ఐదో మాట చెప్పే అయ్యగారు లేచి నిలబడతారు. ఆ ఒంటరితనంలో కాసేపు కూర్చునే వీలు మనకు దొరకదు.

ఏడు మాటల ఆరాధనను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 17వ శతాబ్దం చివర్లో పెరూ దేశంలోని లీమాలో జెస్యూట్ అనే కతోలిక సభ గురువుల దగ్గర మొదలైన పద్ధతి, కతోలికేతర సంఘాల్లో కూడా ఇంత గట్టిగా నిలబడిందంటే అందులో బలం ఉన్నట్టే. మా సంఘంలో ఏడు మాటలూ ఏడుగురికి పంచేవారు. ఒక ఏడాది నాకు ఐదోది, "దప్పిగొనుచున్నాను", వచ్చింది. ఏప్రిల్ ఎండ, రేకుల కప్పు, కరెంటు పోయింది. పొద్దుటి నుంచి ఉపవాసం ఉన్న జనం పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. ప్రసంగ పీఠం పక్కన స్టూలు మీద నా కోసం మూత పెట్టిన స్టీలు గ్లాసుతో మంచినీళ్లు. ఆ మాట చెబుతూ ఆ నీళ్లు ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

దానికి తయారవుతూ యోహాను 18, 19 అధ్యాయాలు మాత్రమే పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు తేడా కనబడింది. యోహాను తోటలో రక్తబిందువుల్లాంటి చెమట లేదు, "ఈ గిన్నె తొలగించు" అనే ప్రార్థన లేదు. పట్టుకోవడానికి వచ్చినవాళ్లే వెనక్కి తగ్గి నేలమీద పడతారు. మిగతా ముగ్గురూ సిలువ మోశాడని చెప్పే కురేనీయుడైన సీమోను కనబడడు, యేసు తన సిలువ తానే మోసుకుని వెళతాడు. చీకటి కమ్మిన సంగతీ లేదు. మొదటి నుంచి చివరి దాకా అధికారం ఆయన చేతిలోనే ఉన్నట్టు నడిచే ఆ కథలో దాహం వేస్తోందన్న మాట వినబడితే గుండె కలుక్కుమంటుంది. సమరయ స్త్రీని నీళ్లడిగిన కథ ఉన్నది కూడా ఈ సువార్తలోనే. ఆ బావి దగ్గరా, రోమా అధికారి పిలాతు తీర్పు పీఠం దగ్గరా మూల గ్రీకులో యోహాను చెప్పే వేళ ఒకటే, పొద్దుపొడుపు నుంచి లెక్కించే ఆరో గంట. మన లెక్కలో మిట్టమధ్యాహ్నం. నాలుగూ కలిపేసి చదివితే ఇది నాకు ఎప్పటికీ కనబడేది కాదు.

మీరు మార్కుతో మొదలుపెట్టండి. ఉన్న 16 అధ్యాయాల్లో 11 నుంచి చివరిదాకా ఆ ఒక్క వారమే. అంతవరకు ఊరి నుంచి ఊరికి పరుగెత్తే కథ యెరూషలేము చేరగానే రోజుల లెక్కలోకి, 15వ అధ్యాయంలో గంటల లెక్కలోకి దిగుతుంది. తెల్లవారగానే పిలాతు దగ్గరికి, పగలు తొమ్మిదింటికి సిలువ, పన్నెండింటికి చీకటి, మూడింటికి కేక, సాయంకాలానికి దేహాన్ని అడిగి తీసుకెళ్లే అరిమతయియ యోసేపు. గుడ్ ఫ్రైడే రోజు ఆ వేళలకు ఫోనులో అలారం పెట్టుకుని, ఎక్కడున్నా, ఏ పనిలో ఉన్నా ఆ వేళకు చెందిన నాలుగైదు వచనాలు చదువుతాను. ట్రాఫిక్‌లో ఇరుక్కుని చదివిన ఏడాది కూడా ఉంది. గుళ్లో కూర్చుని చదివినదానికి అది తక్కువేమీ అనిపించలేదు.

రోజువారీ పద్ధతి ఇది. 11 నుంచి 15 వరకు సుమారు 230 వచనాలు. శ్రమల కాలం మొదలయ్యే విభూది బుధవారం నుంచి, ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం లోపు, ఆదివారాలు తీసేస్తే, 34 రోజులు. రోజుకు ఏడు వచనాలు సరిపోతాయి. గట్టిగా, నోరు తెరిచి ఒకసారి చదవండి. "ఇందులో నాకు పాఠం ఏమిటి" అని వెంటనే అడక్కండి. ఆ ప్రశ్న అలవాటైనవాళ్లకు మొదటి వచనంలోనే జవాబు వచ్చేస్తుంది, మిగతా ఆరు వచనాలు కళ్లకు ఆనవు. దాని బదులు అక్కడ ఎవరు నిలబడ్డారు, ఎవరి చేతిలో ఏముంది, ఎవరు నోరు మెదపలేదు అని చూడండి. చూసింది ఒక్క వాక్యం డైరీలో రాసుకోండి. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చి పడే "నేటి ధ్యానం" మాత్రం ఆ తర్వాత తెరవండి, వీలైతే తెరవకండి.

మట్టల ఆదివారం సంగతే తీసుకోండి. మనం తాటి మట్టలు పట్టుకుని హోసన్నా పాడుతూ వీధుల్లో తిరిగి వస్తాం. మార్కు 11:11లో ఆ ఊరేగింపు ఎలా ముగుస్తుందో గమనించారా? యేసు దేవాలయంలోకి వెళ్లి, చుట్టూ ఉన్నవన్నీ చూసి, అప్పటికే పొద్దుపోయింది కాబట్టి పన్నెండుమందితో బేతనియకు వెళ్లిపోతాడు. ఏమీ జరగలేదు. ఒక్క మాటా లేదు. మర్నాడు వచ్చి రూకలు మార్చేవాళ్ల బల్లలు పడదోస్తాడు. నలుగురిలో ముందు రోజు సాయంత్రపు ఆ చూపును రాసినవాడు మార్కు ఒక్కడే. ఆ చూపు తెలిశాక మర్నాటి కోపం ఉన్నట్టుండి వచ్చిందని అనుకోలేం. అన్నీ చూసి, ఒక రాత్రి గడిపి, వచ్చాడు. ఇంట్లో ఎవరి మీదైనా అరవబోయే ముందు నాకు ఈ వచనం గుర్తుకొస్తుంది, కొన్నిసార్లు అరిచాక గుర్తుకొస్తుంది.

ఇంకొకటి. 13వ అధ్యాయం చివర యేసు మెలకువగా ఉండమంటూ, ఇంటి యజమాని సాయంత్రం వస్తాడో, అర్ధరాత్రి వస్తాడో, కోడి కూసేవేళ వస్తాడో, తెల్లవారి వస్తాడో తెలియదంటాడు. రెండు పేజీలు తిప్పండి. సాయంత్రం పన్నెండుమందితో భోజనం, రాత్రి తోటలో నిద్రపోయే శిష్యులు, కోడి కూసేవేళ యేసును ఎరగనన్న పేతురు, తెల్లవారగానే పిలాతు. యేసు రెండో రాకడ గురించి మనం ఎంతో దూరం చూస్తూ చదివే మాట, ఆ వారంలోనే ఒక రాత్రి నడిచిపోయింది. రోజుకు ఏడు వచనాల చొప్పున చదివితే ఇలాంటివి చేతికి తగులుతాయి. ఒకే ఊపులో చదివితే జారిపోతాయి.

చిన్న మనుషుల్ని వదలకండి. 14వ అధ్యాయంలో ఒకవైపు ప్రధానయాజకుల కుట్ర, ఇంకోవైపు యేసును పట్టిస్తానని శిష్యుడు యూదా బేరం. ఆ రెంటి నడుమ మార్కు ఒక స్త్రీని నిలబెట్టాడు. 300 దేనారాలకు పైగా చేసే అత్తరు ఆమె చేతిలో ఉంది. దేనారం కూలివాడి ఒకరోజు కూలి కాబట్టి దాదాపు ఏడాది సంపాదన. ఆమె పేరు మార్కు చెప్పడు, ఆమె ఒక్క మాట మాట్లాడదు. అలాగే ఒంటి మీది నారబట్ట వదిలేసి పారిపోయిన కుర్రాడు. సీమోను విషయంలో మాత్రం అతని కొడుకులు అలెక్సంద్రు, రూఫు పేర్లు కూడా రాశాడు. ఆ ఇద్దరూ మొదటి పాఠకులకు తెలిసినవాళ్లే అయ్యుంటారని నాకనిపిస్తుంది.

దెబ్బల గురించి, రక్తం గురించి గంటసేపు ప్రసంగాలు విన్నాం, నాటకాలు చూశాం. సువార్తికులు మాత్రం "సిలువ వేశారు" అని ఒక్క మాటతో ముందుకు వెళ్లిపోతారు. మేకుల ప్రస్తావన కూడా ఆ వేళ లేదు, యోహాను 20లో తోమా నోట వస్తుంది. నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఏడుపు రాకపోతే ధ్యానం జరగనట్టే అనేది. ఆవిడ భక్తి మీద గౌరవమే కానీ, కన్నీళ్ల కోసం ప్రయత్నిస్తే కళ్లు మన మీదికే తిరుగుతాయి. మీకు ఏడుపు రాకపోతే కంగారు పడకండి.

ఒక్క జాగ్రత్త కూడా చెప్పాలి. "యూదులు చంపారు" అన్న మాట మన ప్రసంగాల్లో తేలిగ్గా దొర్లుతుంది. యేసు యూదుడు, దూరం నుంచి చూస్తూ నిలబడిన స్త్రీలు యూదులు, సిలువ రోమా ప్రభుత్వపు శిక్ష. ఆ నేరాన్ని అప్పటి యూదులందరి మీదా, ఇప్పటివాళ్ల మీదా మోపకూడదని కతోలిక సంఘం 1965లో రెండో వాటికన్ మహాసభలో స్పష్టంగా చెప్పింది. మనం కూడా చెప్పుకోవాలి.

మార్కు ప్రకారం తొమ్మిదింటికే సిలువ వేశారు, యోహానులో మధ్యాహ్నానికి ఇంకా పిలాతు ఎదుటే ఉన్నాడు. ఏది నిజమని తేల్చుకునే పని ధ్యానం వేళ పెట్టుకోకండి, దానికి వేరే సమయం ఉంది. నాలుగింటినీ ఒకే కథగా కుట్టే పని రెండో శతాబ్దంలోనే తాటియాన్ అనే క్రైస్తవ రచయిత చేశాడు. సిరియా సంఘాల్లో అది చాలాకాలం చదివారు కూడా. అయినా చివరికి సంఘం నాలుగింటినీ వేర్వేరుగానే ఉంచుకుంది.

మట్టల ఆదివారం నుంచి మళ్లీ వెనక్కి వచ్చి, ఏ రోజుది ఆ రోజు చదవండి. ఆదివారం 11:1–11, సోమవారం 19 వరకు, మంగళవారం అక్కడి నుంచి 13 చివరిదాకా (ఇది పెద్దది, రెండు పూటలుగా చేసుకోండి), బుధవారం 14:1–11, గురువారం ఆ అధ్యాయంలో మిగిలింది, శుక్రవారం 15. శనివారానికి మార్కులో ఏమీ లేదు, కాబట్టి నేనూ ఏమీ చదవను. ఈస్టరు ఉదయం 16:1–8. నాలుగో శతాబ్దపు రెండు పాత ప్రతుల్లో మార్కు అక్కడే, స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదన్న చోటే ఆగిపోతుంది.

మధ్యలో రోజులు తప్పిపోతే? అక్కడే చాలామంది మానేస్తారు. తప్పిన భాగాలన్నీ ఒకే రాత్రి కూర్చుని చదివి లెక్క సరిచేయాలని చూడకండి. నలభై రోజుల లెక్కలో ఆదివారాలు రావు, వాటిని అందుకే ఖాళీగా వదిలాను, మిగిలినవి అప్పుడు చూసుకోవచ్చు. అవీ కుదరకపోతే ఆ వచనాలు వదిలేసి ఆ రోజువి చదవండి. వచ్చే ఏడాది మత్తయి తీసుకోండి, పిలాతు భార్య కల, చేతులు కడుక్కోవడం అందులోనే ఉన్నాయి. ఆ పై ఏడు లూకా, కోడి కూసినప్పుడు యేసు తిరిగి పేతురు వైపు చూసింది అతనొక్కడే రాశాడు. మీరు కతోలికులైతే ఎంపిక ఇంకా తేలిక. మట్టల ఆదివారం గుళ్లో చదివే శ్రమల చరిత్ర మూడేళ్లకొకసారి మత్తయి, మార్కు, లూకా చొప్పున తిరుగుతుంది, శుభ శుక్రవారం మాత్రం ఎప్పుడూ యోహానే. ఈ ఏడాది ఏది చదువుతారో గురువుగారిని అడిగి దానితోనే మొదలుపెట్టొచ్చు.