ఇంటి వస్తువులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి బిగుసుకుపోయాయి. లాగితే రావు, నేలకేసి కొడితే సొట్ట పడింది. చుట్టాలొచ్చిన రోజే ఎందుకిలా మొండికేస్తాయండీ?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ రోజే గ్లాసులన్నీ ఒక్కసారిగా కడిగి, తడారకుండానే దొంతర పెట్టేస్తాం కదండీ, అందుకే. అడుగు సన్నం, అంచు వెడల్పు కాబట్టి పైది కిందదాంట్లోకి బిగుతుగా దిగుతుంది. మధ్యనున్న నీటిపొర గాలికి దారి మూసేస్తుంది. వేడినీళ్లతో కడిగినవైతే లోపల చిక్కిన గాలి చల్లారి, రెంటినీ ఇంకా దగ్గరికి లాగుతుంది.

లోపలి గ్లాసు నిండా ఐసునీళ్లు పోసి 5 నిమిషాలుంచండి. తర్వాత బయటి గ్లాసును బాగా వేడిగా ఉన్న నీళ్లలో ముంచి, బట్టతో పట్టుకుని వెంటనే మెలితిప్పుతూ లాగండి. 7 సెం.మీ. వెడల్పున్న గ్లాసుకు 40 డిగ్రీల తేడా దొరికితే బయటిది సుమారు 0.05 మి.మీ. సాగుతుంది. అంత చాలు. చాలామందికి పని జరగనిది ఆలస్యం వల్లే: వేడి లోపలిదానికీ పాకితే రెండూ కలిసి సాగుతాయి. అప్పటికీ రాకపోతే సందులో రెండు చుక్కల నూనె వదిలి, గంటాగి మళ్లీ చేయండి. దయచేసి కొట్టొద్దు. సొట్టపడిన చోట రెండు గ్లాసులూ కరుచుకుంటాయి.

ప్రశ్న: ఎండాకాలం చక్కగా పడే బాత్రూం తలుపు, వానలు మొదలవగానే పట్టేస్తోంది. చిత్రిక పట్టించమంటారా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ఇప్పుడు వద్దు. వానాకాలం కొలతకు చెక్కిస్తే, మే నెల బెజవాడ ఎండకు చెక్క కుదించుకుపోయి గొళ్లెం అందదు. ముందు ద్వారబంధానికి సుద్దముక్క రుద్ది తలుపు వేసి తీయండి. రాసుకునే చోట తలుపుకు సుద్ద అంటుతుంది. గొళ్లెం వైపు పైమూల మాత్రమే అంటితే తప్పు చెక్కది కాదు, పై బందు స్క్రూలు వదులయ్యాయి. స్క్రూలు తీసి, రంధ్రాల్లో ఫెవికాల్‌లో ముంచిన అగ్గిపుల్లలు దూర్చి, ఒక రోజు ఆరాక బిగించండి.

గొళ్లెం వైపు నిలువునా అంటితే అది ఉబ్బే. చెక్క తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవు దాదాపు పెరగదు. ప్రస్తుతానికి ఆ అంచుకు కొవ్వొత్తి రుద్దండి. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, సంక్రాంతి దాటాక అక్కడ మాత్రమే 1 మి.మీ. చెక్కించి వెంటనే రంగు వేయించండి. తలుపు ఊడదీసినప్పుడే పై అంచుకూ, అడుగు అంచుకూ రెండేసి పూతలు ఎనామెల్ పడాలి. కనపడవని రంగువాళ్లు వదిలేసేది ఆ అంచులనే, చెక్క నీళ్లు ఎక్కువగా తాగేదీ అక్కడే.

ప్రశ్న: సంచిలో శుభ్రంగా చుట్టిపెట్టిన ఇయర్‌ఫోన్ తీగ గుంటూరు నుంచి విజయవాడ చేరేలోగా ముడులెలా పడుతుంది?
– ఒక విద్యార్థిని, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: కుదుపులకు తీగ చివర పక్క చుట్లలోకి దూరుతుంది. 2007లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తాళ్లను పెట్టెలో వేసి తిప్పి చూశారు. 46 సెం.మీ. కంటే పొట్టివాటికి ముడి పడటమే అరుదు. మీ తీగ సాధారణంగా 1.2 మీటర్లుంటుంది. దాన్ని మూడుసార్లు సగానికి మడిస్తే 15 సెం.మీ. కట్ట అవుతుంది. రెండు చివరలూ కట్టలోపలే ఉండేలా నడుమ రబ్బరుబ్యాండు వేయండి. పిన్ను మొదట్లో మాత్రం మడత పడనివ్వకండి, లోపలి తీగ తెగేది అక్కడే.