తుఫానా, ఉప్పెనా?

సందేహం: కృష్ణా తీరంలో ఉన్న మా ఊరి చరిత్రను చిన్న పుస్తకంగా వేస్తున్నాం. ప్రకృతి వైపరీత్యాల అధ్యాయంలో 1864, 1977 ఘటనలు రెండిటినీ ‘తుఫాను’ అనే రాశాం. ప్రూఫులు చూసిన పెద్దాయన రెండు చోట్లా ‘ఉప్పెన’ అని దిద్దారు. ‘సునామీ’ అంటే ఈ కాలం పిల్లలకు ఇట్టే తెలుస్తుందని మరికొందరి మాట. ఏది సరైంది? తుఫాను అనాలా, తుపాను అనాలా?

సమాధానం: పెద్దాయన దిద్దిందే సరైంది. అయితే తుఫాను అన్న మాటను పూర్తిగా కొట్టేయక్కర్లేదు. రెండూ ఉండాలి, ఎందుకంటే రెండూ చెప్పేది ఒకటి కాదు.

సముద్రం మీద పుట్టి, సుళ్లు తిరుగుతూ ఒడ్డుకు వచ్చే గాలీవానా మొత్తానికి తుఫాను అని పేరు. ఆ గాలి నెట్టుకురాగా సముద్రం నేల మీదికి ఎక్కితే అది ఉప్పెన. ప్రతి తుఫానుకూ చెప్పుకోదగ్గ ఉప్పెన రాదు. వచ్చినా తుఫాను తీరం దాటిన చోటే రావాలని లేదు. 1977 నవంబరు 19న తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. సముద్రం వచ్చి పడింది దివిసీమ మీద. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిరుగుతుంది. అందువల్ల అది ప్రయాణించే దారికి కుడిపక్కన గాలి సముద్రం మీంచి నేల మీదికి కొడుతుంది. ఆ రోజు ఆ కుడిపక్కన ఉన్నది దివిసీమ. నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున ఊళ్ల మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే పోయినవారు 10 వేల దాకా ఉన్నారు. మన సముద్రాల్లో తుఫానులకు పేర్లు పెట్టడం 2004లో గానీ మొదలవలేదు కాబట్టి దానికి అధికారికంగా పేరంటూ లేదు. జనమే ‘దివిసీమ ఉప్పెన’ అన్నారు, అదే నిలిచింది. 1864 నవంబరు 1న బందరును ముంచిందీ ఇలాంటిదే. 30 వేల మంది పోయారని చెప్పే ఆ రాత్రి ప్రాణాలు తీసింది ప్రధానంగా సముద్రపు నీరే.

కాబట్టి ‘1977 తుఫానులో ఇంతమంది చనిపోయారు’ అన్న వాక్యంలో వ్యాకరణ దోషం లేదు గానీ, చదివినవాడికి గాలికి ఇళ్లు కూలాయేమో, చెట్లు మీద పడ్డాయేమో అనిపిస్తుంది. ‘తుఫాను వెంట వచ్చిన ఉప్పెనలో’ అని రాయండి. ఒక్క మాట చేరిస్తే జరిగింది జరిగినట్టు తెలుస్తుంది.

సునామీ మాత్రం వద్దు. అది సముద్రం అడుగున భూకంపం లాంటిది వచ్చినప్పుడు పుట్టే అల. దానికి గాలితోనూ వానతోనూ పని లేదు. 2004 డిసెంబరు 26 దాకా మనలో చాలామంది ఆ మాటే విని ఎరగం. పిల్లలకు అర్థం కావాలంటే ‘ఉప్పెన’ పక్కన ఒక వాక్యం వివరణ ఇవ్వండి. తెలిసిన మాట కదా అని తప్పు మాట నేర్పితే, రేపు వాళ్లు 1864లో బందరుకు భూకంపం వచ్చిందని పరీక్షలో రాస్తారు!

మీరు అడగకపోయినా వరద గురించీ ఒక మాట. ఏరో, నదో, వాగో పొంగి వస్తే వరద. వాన నీరు పోయే దారి లేక నిలిచిపోతే ముంపు. వరద వస్తే ముంపు ఎలాగూ ఉంటుంది, కానీ ముంపు ఉన్న ప్రతిచోటా వరద వచ్చినట్టు కాదు. తుఫాను ఛాయ కూడా లేని రోజున, ఎండ కాస్తుండగా కూడా వరద రావచ్చు. ఎందుకంటే వాన కురిసింది ఎక్కడో ఎగువన. భద్రాచలం వాళ్లకిది కొట్టిన పిండి. అక్కడ గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరింది, 2022 జులైలో 71.3కి. వరద ‘వస్తుంది’, ఏరు ‘పొంగుతుంది’, కట్టకు ‘గండి పడుతుంది’. వాన ‘వెలుస్తుంది’, నీరు ‘తీస్తుంది’. ‘వాన ఆగిపోయింది’ తప్పని కాదు, కానీ ‘వెలిసింది’ అన్న చక్కని మాట నోట్లో ఉండగా కాగితం మీద ఎందుకు మానుకోవాలి? అలాగే ‘ప్రజలను ఖాళీ చేయించారు’ అని పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. ఊరిని ఖాళీ చేయిస్తారు, మనుషుల్ని తరలిస్తారు.

వాయుగుండం పేరు వింటేనే కొందరికి టెన్షన్. గుండం అన్న మాటలోనే ఏదో భయం ఉంది మరి. నిజానికి అది తుఫాను కంటే చిన్నది. వాతావరణ శాఖ వరసలో ముందు అల్పపీడనం, తర్వాత వాయుగుండం, తీవ్ర వాయుగుండం. గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటేనే తుఫాను. 89 నుంచి తీవ్ర తుఫాను. మీ అధ్యాయంలో వాయుగుండాల్ని తుఫానుల జాబితాలో కలపకండి.

ఇక వర్ణక్రమం. ఈ మాట అరబ్బీ, పారశీకాల నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. పై పళ్లు కింది పెదవికి తగిలి పుట్టే ఆ ధ్వనికి తెలుగులో అక్షరం లేదు. కొందరు ‘ఫ’తో సరిపెట్టుకున్నారు, కొందరు ‘ప’ చేసి సొంతం చేసుకున్నారు. రెండూ చెల్లుతాయి. పుస్తకం మొత్తం ఒకటే ఉంచండి, అంతే. అచ్చ తెలుగు కావాలంటే ‘గాలివాన’ ఉండనే ఉంది. పెద్దల నోటి మాటగా చెప్పే చోట అదే బాగుంటుంది. మీరు పంపిన పేజీలో ‘భీభత్సం’ అని ఉంది, ‘బీభత్సం’ అని దిద్దుకోండి. భయం, భీకరం పక్కన చేరి ఆ మొదటి అక్షరానికి ఒత్తు అంటుకుంది. నవరసాల్లో బీభత్సానికి మూలం జుగుప్స, భయం కాదు.

పాత కాగితాల్లో తారీఖు బదులు తెలుగు సంవత్సరం పేరు ఉంటే ఉన్నదున్నట్టు ఉంచండి, అది ఆనాటి అలవాటు. 1832-33 కరువును నందన కరువు అన్నారు, 1876 నాటిది ధాత కరువు. కానీ అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి పక్కన క్రీస్తు శకం తప్పనిసరిగా వేయాలి. బందరు ఉప్పెన రక్తాక్షి కార్తీకంలో వచ్చింది. 1984 నవంబరు 14న శ్రీహరికోట దగ్గర తీరం దాటి నెల్లూరు జిల్లాను కొట్టిన తుఫాను కూడా రక్తాక్షి కార్తీకంలోనే వచ్చింది. ‘రక్తాక్షి గాలివాన’ అని మాత్రమే రాసి వదిలేస్తే, ఆ రెంటిలో ఏదో చదివేవాడు తేల్చుకోలేడు.