చూపు తక్కువున్న తమ్ముడిని హైదరాబాద్‌లో డిగ్రీకి పంపాలనుకుంటున్న అక్కకు

మీ తమ్ముడు ఇంటర్ పాసయ్యాడు, చూపు బాగా తక్కువ, నాన్నగారు ఆటో నడుపుతారు, ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళు లేరు. అమెరికాలో ఇలాంటి పిల్లల కోసం కాలేజీలోనే ఒక ఆఫీసు ఉంటుందట, హైదరాబాద్‌లో ఉందా అని అడిగారు.

అన్నీ ఒకేచోట చూసిపెట్టే ఆఫీసు నేను చదివిన కాలేజీలో లేదు. సాయం ఉంది, కానీ తలో దిక్కున ఉంది. నేనూ వనపర్తి దగ్గర పల్లె నుంచి, తక్కువ చూపుతోనే, మా ఇంట్లో మొదటివాడిగా వచ్చి ఇక్కడి ప్రభుత్వ కాలేజీలో బీఏ చేశాను. మావాళ్ళవి కూలి బతుకులు. అందుకే మీ ప్రశ్న చూసి వదిలేయలేకపోయాను.

అమెరికా మాట నిజమే. అక్కడ 1968లో చట్టం ద్వారా మొదలుపెట్టిన కార్యక్రమాన్ని ఇప్పుడు స్టూడెంట్ సపోర్ట్ సర్వీసెస్ అంటారు, వెనకబడిన విద్యార్థుల కోసం ప్రభుత్వం నడిపే ట్రయో కార్యక్రమాల్లో అదొకటి. తల్లిదండ్రులకు డిగ్రీ లేని పిల్లలు, ఆదాయం తక్కువున్నవాళ్ళు, వైకల్యం ఉన్నవాళ్ళు దానికి అర్హులు. గ్రాంటు తెచ్చుకున్న కాలేజీలు ఆ డబ్బుతో పాఠాలు మళ్ళీ చెప్పేవాళ్ళను, ఫారాలు నింపడానికి, కోర్సులు ఎంచుకోవడానికి సలహా ఇచ్చేవాళ్ళను పెట్టుకుంటాయి. మన స్కాలర్‌షిప్‌లు కులం చూస్తాయి, ఆదాయం చూస్తాయి, వైకల్య శాతం చూస్తాయి. ఇంట్లో కాలేజీ సంగతులు చెప్పే మనిషి ఉన్నాడా లేడా అన్నది ఎవరూ అడగరు. నా అనుభవంలో డబ్బు కన్నా ఎక్కువ ఏడిపించింది అదే.

ముందు కాగితాలు. వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు) రెండింటిలో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో, ఆధార్‌తో సరిపోవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత ప్రతి కౌంటర్‌లో ఆపుతారు, కాబట్టి ఇప్పుడే సరిచేయించండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో కనీసం 5 శాతం సీట్లు వాళ్ళకు ఉండాలి, వయసులో ఐదేళ్ళ సడలింపు కూడా ఉంటుంది. డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్‌లో రిజిస్టర్ చేసేటప్పుడు ఆ కేటగిరీ తప్పకుండా పెట్టించి, స్పెషల్ కేటగిరీ వెరిఫికేషన్‌కు ఒరిజినల్స్‌తో వెళ్ళండి. ఆదాయ, కుల సర్టిఫికెట్లు మీసేవలో తీసుకోండి. ఈపాస్ అనే స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్‌లో దరఖాస్తుకు అవి కావాలి, ఏటా రెన్యువల్ కూడా చేయించాలి.

కాలేజీ విషయంలో నా మాట ఒక్కటే: వీలైతే ప్రభుత్వ కాలేజీ. సిటీ కాలేజీ, నిజాం కాలేజీ, ఖైరతాబాద్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఇలా చూసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు కాలేజీకి ఆలస్యంగా వస్తుంది. ప్రైవేటు కాలేజీలో చేరిన మా ఊరి అమ్మాయికి డిగ్రీ అయిపోయాక ఆ బకాయి కట్టేదాకా సర్టిఫికెట్లు ఇచ్చేది లేదన్నారు. వాళ్ళ నాన్న అప్పు తెచ్చి కట్టాడు. ప్రభుత్వ కాలేజీలో ఫీజే తక్కువ, ఆ భయం అంతగా ఉండదు.

చేరకముందే బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చికిత్సతో పని అయిపోయిన కళ్ళకు కూడా అక్కడ పునరావాస విభాగం ఉంది. ఉన్న చూపును ఎలా వాడుకోవాలో, ఏ భూతద్దం పనికొస్తుందో, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ ఎలా నడపాలో నేర్పుతారు. స్తోమత లేనివాళ్ళకు ఉచితంగా చూస్తారు. ఎన్వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌కు డబ్బు కట్టక్కర్లేదు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో అదే పని చేసే టాక్‌బ్యాక్ ఎలాగూ ఉంటుంది. చదవలేని పుస్తకాలకు సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, అందులో సభ్యత్వం తీసుకోమనండి.

ఇక అసలు కష్టం. మా కాలేజీలో ప్రతి సంగతీ నోటీసు బోర్డు మీద అంటించేవారు. స్కాలర్‌షిప్ చివరి తేదీ, ఇంటర్నల్ పరీక్ష, పరీక్ష ఫీజు, అన్నీ. నాకు ఆ బోర్డు మీద అక్షరాలు కనిపించవు. వాట్సాప్ గ్రూపులో అదే నోటీసు ఫొటో తీసి పెట్టేవారు, నా స్క్రీన్ రీడర్ దాన్ని చదివేది కాదు. పైగా బ్యాక్‌లాగ్ అంటే ఏమిటి, రీవాల్యుయేషన్ ఎప్పుడు పెట్టాలి, బోనఫైడ్ సర్టిఫికెట్ ఎవరిస్తారు, ఇవేవీ ఇంటికి ఫోన్ చేసి అడగలేను. అమ్మ అడిగేది ఒక్కటే, తిన్నావా అని. మా క్లాస్ రిప్రజెంటేటివ్‌ను కూర్చోబెట్టి, ప్రతి నోటీసును రెండు లైన్లు టైప్ చేసి పెట్టమని అడిగాను. ఆ అబ్బాయి మూడేళ్ళూ విసుక్కోకుండా పెట్టాడు. నా డిగ్రీలో అతనికి సగం వాటా ఉంది, ఇది మర్యాదకు అంటున్న మాట కాదు.

కాబట్టి మీ తమ్ముడు చేరిన మొదటి వారంలోనే ముగ్గురిని పట్టుకోవాలి: స్కాలర్‌షిప్ సెక్షన్ గుమాస్తా, వైకల్యం ఉన్న విద్యార్థుల సంగతులు చూసే ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ లెక్చరర్, అదే కోర్సులో ఒక సీనియర్. సెల్ పేరుకే ఉన్నా దాని ఇన్‌ఛార్జి ఎవరో అడిగి, వైకల్యం సంగతి రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. పరీక్షలప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.

స్క్రైబ్‌ను, అంటే మనం చెబుతుంటే జవాబులు రాసే మనిషిని తీసుకోవడం, అదనపు సమయం అడగడం హక్కు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు, అంటే మూడు గంటల పేపర్‌కు ఇంకో గంట. కానీ స్క్రైబ్ దొరకడమే కష్టం. మనం తెచ్చుకునే స్క్రైబ్ చదువు మనకన్నా తక్కువ ఉండాలి, పైగా వాళ్ళకు ఆ రోజు పరీక్ష ఉండకూడదు. ఇద్దరు ముగ్గురితో ముందే మాట్లాడి ఉంచుకోవాలి. ఎన్ఎస్ఎస్ వాలంటీర్లను అడగండి. నాకు తెలుగు వేగంగా రాసే ఇంటర్ అమ్మాయి దొరికిన సెమిస్టర్‌లో మార్కులు పెరిగాయి, రాసే చేయిని బట్టి అంత తేడా ఉంటుంది. పరీక్షకు ముందు ఒకటి రెండు సార్లు ఇద్దరూ కూర్చుని పాత పేపర్ రాయాలి.

మిగతావి త్వరగా చెబుతాను. మలక్‌పేట నల్గొండ చౌరస్తా దగ్గర వికలాంగుల సంక్షేమ శాఖ ఆఫీసు ఉంది. హాస్టల్, ల్యాప్‌టాప్ లాంటివాటి కోసం అక్కడ కనుక్కోండి. బస్సు కన్సెషన్ పాస్ తీయించండి. ఎప్పుడైనా ఇంజినీరింగ్, డిప్లొమా వైపు వెళ్తే సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ళ సక్షమ్ స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు ఉంది, కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు.

సర్టిఫికెట్‌లో శాతం ఎంత రాశారు, ఇంటర్‌లో ఏ గ్రూపు, తెలుగు మీడియమా ఇంగ్లీషా చెప్పండి. ఏ కోర్సుకు ఏ కాలేజీ నయమో దాన్ని బట్టి ఇక్కడే రాస్తాను.