కలయిక తర్వాత రక్తం కనిపిస్తే మాత్రలతో ఆపకండి

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. మాది అనంతపురం, ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా పిన్నికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. వంశపారంపర్యంగా నాకూ వస్తుందా? మా పాపకు 12 ఏళ్లు, టీకా వేయించవచ్చా? నాకు నాలుగైదు నెలలుగా తెల్లబట్ట అవుతోంది, మావారితో కలిసినప్పుడు కొంచెం రక్తం కనిపిస్తోంది. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుంటే తగ్గుతోంది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చూపించుకుందామనుకుంటున్నా.

జవాబు: పిన్ని సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు మీరు చివర్లో రాసిన దాని గురించి మాట్లాడుకుందాం. కలయిక తర్వాత రక్తం కనిపించడం మామూలు విషయం కాదు. ఇన్ఫెక్షన్ కావచ్చు, పాలిప్ (చిన్న కండ పెరుగుదల) కావచ్చు, చాలామందిలో అలాంటివే బయటపడతాయి కాబట్టి ఇది చదివి టెన్షన్‌తో నిద్ర మానుకోకండి. కానీ క్యాన్సర్ కాదని చూడకుండా చెప్పడం నావల్ల కాదు, మెడికల్ షాపు అబ్బాయి వల్ల అసలే కాదు. సంక్రాంతి దాకా ఎందుకు, ఈ వారమే గైనకాలజిస్టుకు చూపించుకోండి.

ఏం మాత్రలో రాయలేదు. ఇలా కొనుక్కునేవాళ్లు తెచ్చి చూపించే స్ట్రిప్పుల్లో తరచుగా ట్రనెక్సామిక్ యాసిడో, హార్మోన్ మాత్రో ఉంటుంది. వాటితో రక్తం ఆగవచ్చు, కారణం మాత్రం అక్కడే ఉంటుంది. పైగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మొదట్లో నొప్పి ఉండదు, అందుకే నెలలు గడిచిపోతాయి. పిల్లలకు కాస్త ఒళ్లు వెచ్చబడితే ఆసుపత్రికి పరుగెత్తే తల్లులు తమ దాకా వచ్చేసరికి షాపు మాత్రతో సరిపెట్టుకుంటారు, కోప్పడుతున్నానని అనుకోకండి గానీ ఇది మానాలి.

డాక్టర్ ముందు ముఖద్వారాన్ని నేరుగా చూస్తారు, పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష), ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ ఉందేమో చూసే పరీక్ష చేస్తారు. పాప్ నార్మల్ వచ్చినా రక్తం ఆగకపోతే అక్కడితో వదిలేయకండి, ముఖద్వారాన్ని పెద్దగా చేసి చూసే కాల్పోస్కోపీ, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ చేయించాలి. ఏముందో తేలకుండా ఎవరైనా గర్భసంచి తీయించేసుకోమంటే ఒప్పుకోకండి. లోపల క్యాన్సర్ ఉండి మామూలు ఆపరేషన్ చేసేస్తే తర్వాతి వైద్యం చిక్కుల్లో పడుతుంది. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే మీరుంటున్న బెంగళూరులోనే కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ సంస్థే.

ఇక పిన్ని విషయం. ఇది ప్రధానంగా వంశంతో వచ్చే జబ్బు కాదు, దాదాపు ప్రతి కేసు వెనకా హెచ్‌పీవీ వైరస్ ఉంటుంది, అందులో 16, 18 రకాలవే సుమారు 70 శాతం. కలయిక ద్వారా సోకుతుంది, జీవితంలో ఒక్క భాగస్వామే ఉన్నా సోకవచ్చు, ఎవరి నడవడికనూ అనుమానించే పని లేదు. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. ఉండిపోతే క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది, హెచ్‌ఐవీ లాంటి వాటితో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో ఇంకా త్వరగా. పొగాకు, చిన్న వయసులోనే పెళ్లి, ఎక్కువ కాన్పులు, ఐదేళ్లకు మించి గర్భనిరోధక మాత్రలు కూడా ముప్పు పెంచుతాయి. ఇవేవీ లేకపోయినా మీకు పరీక్ష తప్పదు.

పాపకు హెచ్‌పీవీ టీకా తప్పకుండా వేయించండి, ఇదే సరైన వయసు. 15 ఏళ్లలోపు మొదలుపెడితే మామూలుగా ఆరు నెలల తేడాతో రెండు డోసులు. మన దేశంలో తయారైన సెర్వావ్యాక్ కూడా 2023 నుంచి దొరుకుతోంది, మీ పిల్లల డాక్టర్‌ని అడగండి.

వెళ్లేటప్పుడు వాడిన మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. నెలసరి రోజులు కాకుండా చూసుకోండి, ముందు రెండు రోజులు కలయిక, లోపల పెట్టుకునే మందులు వద్దు. రక్తం ఎక్కువగా పోతుంటే మాత్రం ఈ లెక్కలేవీ చూడకుండా వెంటనే వెళ్లిపోండి.