మూడుసార్లు పడి నాలుగోసారి లేచే ల్యాప్‌టాప్

ప్రశ్న: అన్నా, మాది కదిరి. బెంగళూరు మారతహళ్లి పీజీలో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. నాలుగేళ్ల కిందటి ల్యాప్‌టాప్, విండోస్ 11. మూడు వారాలుగా పొద్దున ఆన్ చేస్తే కంపెనీ లోగో వస్తుంది, దాని కింద చుట్టు తిరుగుతుండగానే ఎర్రర్ తెర పడి దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. ఒకసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అంటుంది, ఇంకోసారి ‘ఐఆర్‌క్యూఎల్’ అని ఏదో అంటుంది. మూడు నాలుగుసార్లు పడ్డాక ఎలాగో తెరుచుకుంటుంది. పీజీ కింద షాపులో చూపిస్తే ‘మదర్‌బోర్డు పోయింది, 11 వేలు, లేదంటే 800కి ఫార్మాట్ కొట్టి చూద్దాం’ అన్నారు. నా ప్రాజెక్టు, సర్టిఫికెట్లు, నాన్న పొలం పాస్‌బుక్ స్కాన్లు అన్నీ అందులోనే ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. ఫార్మాట్ చేయించేయనా? అన్నట్టు, రెండు నెలల కింద ఎస్పీ రోడ్డులో ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించాను, దానికీ దీనికీ సంబంధం ఉండదనుకుంటా.

జవాబు: ఉండదని ఎందుకనుకున్నావు తమ్ముడూ? అసలు సంగతి ఆ ఆఖరి లైనులోనే ఉంది. ఉత్తరం మొదట్లోనే రాసుంటే నేను సగంలోనే చదవడం ఆపేసి జవాబు మొదలుపెట్టేవాణ్ణి.

లోగో వస్తోంది, విండోస్ లోడవడం మొదలవుతోంది, నాలుగోసారికైనా తెరుచుకుని పనిచేస్తోంది. మదర్‌బోర్డు ఇలా కూడా పోవచ్చు, కాదనను, కానీ మూత కూడా విప్పకుండా నిమిషంలో చెప్పేసే మాట కాదది. నీ ల్యాప్‌టాప్ పడిన ప్రతిసారీ వేరే పేరు చెబుతోంది చూడు, నాకు అక్కడే అనుమానం. డ్రైవరు (లోపలి భాగాలని విండోస్‌తో కలిపి నడిపించే చిన్న ప్రోగ్రాం) చెడిపోతే మామూలుగా రోజూ ఒకే చోట, ఒకే మాట చెప్పి పడిపోతుంది. ర్యామ్‌లో లోపముంటే అలా కాదు. బూటయ్యేటప్పుడు విండోస్ సరుకంతా ర్యామ్‌లోకే వచ్చి సర్దుకుంటుంది, అదీ ప్రతిసారీ ఒకే చోట సర్దుకోదు. రోడ్డు మీద గుంత ఒకటే, అందులో ఈ రోజు ఎవరి బండి పడితే వాళ్ల పేరు తెర మీదికొస్తుంది. ఏ బండీ పడని రోజున నీకు డెస్క్‌టాప్ కనిపిస్తుంది, అంతే.

అందుకే ఫార్మాట్ వద్దు. చెడ్డ ర్యామ్‌తో విండోస్ కొత్తగా ఎక్కిస్తే ఎక్కుతుండగానే పడిపోవచ్చు, లేదా ఎక్కే ఫైళ్లే పాడై ఎక్కవచ్చు. 800 పోతుంది, నాన్న స్కాన్లూ పోతాయి, జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మామూలుగా ఇలాంటి ఉత్తరాలకి ‘ముందు డేటా కాపీ చేసుకో’ అని రాస్తాను. నీకు మాత్రం ముందు కొత్త ర్యామ్ తీసేయ్, తర్వాతే కాపీ అంటాను, ఎందుకంటే కాపీ అయ్యే ఫైలు కూడా ఆ ర్యామ్ గుండానే పోతుంది, దారిలో ఎక్కడో ఒక అక్షరం మారిపోయినా నీకు తెలియదు.

తీయడం కష్టమేం కాదు. షిఫ్ట్ నొక్కిపట్టుకుని షట్‌డౌన్ కొట్టు, చార్జరు పీకేయ్. వెనక మూత విప్పాక మొట్టమొదట బ్యాటరీ నుంచి బోర్డుకి వెళ్లే కనెక్టరు ఊడదీయాలి, ఇది మాత్రం మరిచిపోవద్దు. ర్యామ్‌కి రెండు వైపులా చిన్న క్లిప్పులుంటాయి, రెండింటినీ బయటికి నెడితే అది ఏటవాలుగా పైకి లేస్తుంది, అంచులు పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. బంగారు రంగు పళ్ల మీద వేళ్లు పెట్టొద్దు. (మా ఇంట్లో ఒక ల్యాప్‌టాప్ ఇలాగే నెల రోజులు ఏడిపించింది. చివరికి మా పాప పెన్సిల్ రబ్బరుతో ఆ పళ్లని మెల్లగా రుద్ది, రబ్బరు పొడి దులిపి, మళ్లీ టక్కుమనేదాకా నొక్కితే సరిపోయింది. అప్పటికే నేను కొత్తది కొనడానికి రేట్లు చూస్తున్నాను.) నీ పాత ర్యామ్ ఒక్కటే ఉంచి రెండు రోజులు వాడు. పొద్దున మొదటిసారే లేస్తుంటే అప్పుడు కూర్చుని డేటా అంతా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకో. ఆ తర్వాత పాతది తీసి, అదే స్లాటులో కొత్తది ఒక్కటే పెట్టి చూడు. పడిందా, దొంగ అదే. పడకపోతే రెండో స్లాటుని అనుమానించాలి, లేదా ఆ రెండింటికీ ఒకదానితో ఒకటి పొసగడం లేదేమో. బిల్లు దాచి ఉంటే పట్టుకుని ఎస్పీ రోడ్డుకి వెళ్లి వారంటీ అడుగు.

స్టార్ట్‌లో ‘మెమరీ డయాగ్నస్టిక్’ అని కొడితే విండోస్ పరీక్ష కూడా ఒకటి వస్తుంది. అది తప్పు చూపిస్తే నమ్ము. అంతా బాగుందంటే మాత్రం నమ్మకు, పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష పెట్టి రాత్రంతా వదిలేయ్. పొద్దున ఒక్క ఎర్రర్ కనిపించినా ఆ ర్యామ్ పనికిరాదు.

పాత ర్యామ్‌తో కూడా పడుతుంటే వేరే దారి పట్టాలి. లోగో రాగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయ్, ఇలా వరసగా రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ తెర దానంతటదే వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే తప్పనిసరి సరుకు మాత్రమే లోడయ్యే విండోస్. అందులో గంటసేపు నిలబడితే ఎక్కువగా డ్రైవరో, ఈ మధ్య వచ్చిన అప్‌డేటో కారణం. ఆ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోనే అప్‌డేట్ తీసేసే వీలుంది. కాకపోతే సేఫ్ మోడ్‌లో గ్రాఫిక్స్ డ్రైవరు లోడవదు, కాబట్టి గ్రాఫిక్స్ చిప్ చెడినా అక్కడ బుద్ధిగానే ఉంటుంది, అది గుర్తుంచుకో. సేఫ్ మోడ్ కూడా రాకపోతే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చెయ్. నోట్‌ప్యాడ్ వస్తుంది, అందులో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకుంటే నీ ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి, అక్కడి నుంచే రైట్ క్లిక్ చేసి పెన్‌డ్రైవ్‌కి కాపీ చేసుకోవచ్చు. సీ డ్రైవ్ అక్కడ డీ అనో ఈ అనో కనిపిస్తే కంగారు పడకు.

ప్రశ్న: బయోస్ అప్‌డేట్ చేశాక ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతోంది. నేను ఎప్పుడూ అలాంటి పాస్‌వర్డ్ పెట్టలేదండీ. (ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: మీరు పెట్టలేదు, విండోస్ పెట్టింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ల్యాప్‌టాప్ సెటప్ చేసినప్పుడు చాలా మోడళ్లలో డిస్కు తాళం దానంతటదే పడుతుంది, తాళంచెవి ఆ అకౌంట్‌లోకి చేరుతుంది. బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) మారేసరికి మీ యంత్రం తనని తానే గుర్తుపట్టలేక అడుగుతోంది. ఫోన్లో అదే అకౌంట్‌తో లాగిన్ అయి రికవరీ కీ పేజీ తెరవండి, తెర మీద చూపించే కీ ఐడీతో సరిపోయే వరసే కొట్టండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మీ ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ దెబ్బకి ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు బూట్ దగ్గరే పడిపోయి, మన ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు గుర్తుందా, చెడ్డ ఫైలు ఒక్కటి సేఫ్ మోడ్‌లో తీసేస్తే సరిపోయేదానికి అంత ఆలస్యం కావడానికి ఈ 48 అంకెలు కూడా ఒక కారణం. దొరికాక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆ ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేసుకోకండి, అలా చేసినవాళ్లు నాకు తెలుసు.

ప్రశ్న: రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తాను. అయినా టాస్క్ మేనేజర్‌లో 12 రోజులుగా నడుస్తున్నట్టు చూపిస్తోందేమిటి? (బాణసవాడి)

జవాబు: ఫాస్ట్ స్టార్టప్ వల్లండీ. షట్‌డౌన్ కొడితే విండోస్ తన లోపలి భాగాన్ని డిస్కులో దాచుకుని పడుకుంటుంది, పొద్దున దాన్నే లేపుతుంది. పూర్తిగా కొత్తగా లేవాలంటే రీస్టార్ట్ కొట్టండి. వైఫై రాకపోవడం, మౌస్ కదలకపోవడం లాంటి చిల్లర బాధలకి షట్‌డౌన్ పనిచేయకపోయినా రీస్టార్ట్ పనిచేసేది ఇందుకే.